వంతెన మిట్ట – వాహన వేగం

కృష్ణా పశ్చిమ డెల్టా సమతలభూమి. తెనాలి సముద్రమట్టానికి పది మీటర్లకు అటు ఇటుగా ఉంటుంది. బాపట్ల, రేపల్లె అంతకంటే తక్కువ ఎత్తులో ఉంటాయి. తెనాలి నుండి రేపల్లె వరకు ముప్పై కిలోమీటర్లకు పైగా ప్రయాణించినా నేల దిగిన సంగతి ప్రయాణికునికి తెలియదు. ఆ వాలు నీటికి మాత్రమే తెలుసు. 1855లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువలు తవ్విన ఇంజనీర్లు, కంటికి ఆనని ఈ వాలునే నమ్ముకొని నీటిని సముద్రతీరం దాకా నడిపించారు.

ఇటువంటి ప్రాంతంలో ఎత్తు ఎక్కడం, పల్లం దిగడం అనే ప్రశ్న ఎక్కడిదని ఎవరికైనా అనిపించవచ్చు. కొండలు లేనిచోట మిట్టలను మనిషే నిర్మించుకొన్నాడు. తెనాలి పట్టణం గుండా మూడు కాలువలు పారుతున్నాయి. ఒకప్పుడు డెల్టా కాలువలలో పడవలు సాగేవి. పడవ కిందుగా పోవాలంటే వంతెన నడుము ఎత్తి నిలబడక తప్పదు. తరువాత రైలు వచ్చింది. గుంటూరు నుండి తెనాలి మీదుగా రేపల్లెకు 1916లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే దారి వేసింది. విజయవాడ – చెన్నై ప్రధాన మార్గం తెనాలి, బాపట్ల పట్టణాలను తాకుతూ పోతుంది. రైలు గేటు దగ్గర గంటల తరబడి నిలిచిపోయే బాధ తొలగించడానికి రైలు మార్గం మీదుగా వంతెనలు కట్టడం మొదలైంది. ఇక కృష్ణ వరదను అడ్డుకొనే కరకట్ట ఎక్కి దిగనిదే నదీతీర గ్రామాల రైతుకు రోజు గడవదు. రేపల్లె దాటి పెనుమూడి చేరితే అవతలి ఒడ్డున ఉన్న పులిగడ్డ వరకు కృష్ణ మీద పొడవైన వంతెన ఉంది. 216వ నంబరు జాతీయ రహదారి దాని మీదుగానే సాగుతుంది.

ఈ మిట్టల దగ్గర నిలబడి పావుగంట సేపు పరిశీలించినవారికి ఒక విషయం స్పష్టమవుతుంది. సమతలం మీద చకచకా వచ్చిన వాహనాలన్నీ వంతెన మొదట్లో బారులు తీరతాయి. వాటి మధ్య ఎడం తగ్గుతుంది. అంతవరకు నిశ్శబ్దంగా ఉన్న హారన్లు మోగుతాయి. శిఖరం దాటగానే ఆ వరుస మళ్లీ విడిపోతుంది, ముందరి వాహనాలు జారుడుబండ మీది పిల్లలవలె వేగం అందుకొంటాయి. ఎక్కేటప్పుడు వాహనాలు ఎందుకు నెమ్మదిస్తాయి? దిగేటప్పుడు ఎంత వేగం తగును? దానిని ఎవరు, ఏ లెక్కతో నిర్ణయిస్తారు? ఇవి చిన్న ప్రశ్నలుగా కనబడతాయి గాని, వీటి వెనుక భౌతికశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, చట్టం – మూడూ ఉన్నాయి.

మొదట భౌతికశాస్త్రం చెప్పే కారణం. రోడ్డు ముప్పై మీటర్లు ముందుకు పోయేసరికి ఒక మీటరు ఎత్తు పెరిగితే దానిని ముప్పైకి ఒకటి వాలు అంటారు. మైదాన ప్రాంతపు రహదారులకు భారత రోడ్డు కాంగ్రెస్ సాధారణ పరిమితిగా చెప్పిన వాలు ఇదే. తప్పనిసరి అయితే ఇరవైకి ఒకటి వరకు పోవచ్చు. ముప్పైకి ఒకటి వాలు మీద వాహనం బరువులో ముప్పయ్యో వంతు దానిని వెనుకకు లాగుతూ ఉంటుంది. సరుకుతో కలిపి ఇరవై అయిదు టన్నులు తూగే లారీని తీసుకొందాం. దానిని వెనుకకు గుంజే బలం ఎనిమిది వందల కిలోల బరువుకు పైమాటే. గంటకు 40 కి.మీ. వేగంతో ఈ వాలు ఎక్కాలంటే, కేవలం ఎక్కడానికే సుమారు 120 అశ్వశక్తి కావాలి. టైర్ల రాపిడికి, గాలి అడ్డుకు అయ్యే ఖర్చు దీనికి అదనం. అదే వాలును గంటకు 60 కి.మీ. వేగంతో ఎక్కాలంటే 180 అశ్వశక్తికి పైగా కావాలి. ఇంజను శక్తి అంతా కలిపి 180 అశ్వశక్తి అయితే ఆ లారీ 60 కి.మీ. వేగంతో ఎక్కలేదు. చోదకుడు బద్ధకస్తుడు కాడు, భయస్థుడూ కాడు. గేరు తగ్గించి, వేగాన్ని వదులుకొని, దానికి బదులుగా లాగే బలాన్ని సంపాదించుకొంటున్నాడు.

ఈ లెక్కను ఇంజను లేని వాహనానికి వర్తింపజేస్తే విషయం ఇంకా తేటపడుతుంది. ఇద్దరు ప్రయాణికులతో, తొక్కేవానితో కలిపి రిక్షా బరువు రెండు వందల యాభై కిలోలు అనుకొందాం. ముప్పైకి ఒకటి వాలును గంటకు 6 కి.మీ. వేగంతో తొక్కుతూ ఎక్కాలంటే సుమారు 136 వాట్ల శక్తి కావాలి. ఆరోగ్యవంతుడైన మనిషి ఎక్కువసేపు నిలకడగా ఇవ్వగలిగిన శక్తి 75 నుండి 100 వాట్లు. అంటే తొక్కి ఎక్కడం అతని శక్తికి మించిన పని. అతడు దిగి, హాండిల్ పట్టుకొని, గంటకు 3 కి.మీ. వేగంతో లాక్కొంటూ నడిస్తే అవసరమయ్యే శక్తి 68 వాట్లకు పడిపోతుంది. వంతెన మొదట్లో రిక్షావాడు దిగిపోవడం అనాదిగా అందరూ చూస్తున్న దృశ్యమే. ఏ పాఠమూ చదవకుండానే అతడు కండరాలతో ఈ లెక్క కట్టుకొన్నాడు. ప్రయాణికుడు కూడా దిగి నడిస్తే ఎంత ఉపకారమో వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడే ఇంజనీరు తీసుకొనే ఒక నిర్ణయాన్ని గమనించాలి. విద్యుత్ తీగలున్న రైలు మార్గం మీదుగా పోయే వంతెన పట్టాలకు దాదాపు ఎనిమిది మీటర్ల ఎత్తున రోడ్డును మోయవలసి ఉంటుందనుకొందాం. ముప్పైకి ఒకటి వాలుతో అంత ఎత్తు చేరాలంటే ఒక్కొక్క వైపు 240 మీటర్ల ఎక్కుడు దారి కావాలి. ఇరవైకి ఒకటి వాలు పెడితే 160 మీటర్లు చాలు. ప్రక్కకు 80 మీటర్ల చొప్పున స్థలం మిగులుతుంది, ఖర్చు తగ్గుతుంది, కూల్చవలసిన దుకాణాలు తగ్గుతాయి. పట్టణం నడిబొడ్డున ఇది చిన్న ప్రలోభం కాదు. అయితే మిగిలిన ఆ సొమ్ముకు వడ్డీ కట్టేది ఎవరు? రోజుకు పదిసార్లు ఆ వంతెన ఎక్కే రిక్షా కార్మికుడు, తోపుడుబండి వర్తకుడు, పాలకేన్లతో సైకిలు తొక్కే రైతు. కారులో పోయేవానికి ఈ రెండు వాలుల తేడా కాలి బొటనవ్రేలి ఒత్తిడిలో ఇమిడిపోతుంది.

రైలు సంగతి వేరు. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద దొర్లేటప్పుడు రాపిడి అత్యల్పం. అందుచేత ఏ చిన్న ఎత్తయినా దానికి పెద్ద భారమే. నూటికి ఒకటి వాలు మీద వెయ్యి టన్నుల రైలును పది టన్నుల బలం వెనుకకు లాగుతుంది. రోడ్డు మీద ఎవరూ గమనించని ఆ వాలు రైలు మార్గంలో గట్టి ఎక్కుడు కిందే లెక్క. కాబట్టి రైల్వేవారు ప్రతి వాలును ముందుగానే కొలిచి, పట్టాల ప్రక్కన స్తంభం నాటి, దాని మీద అంకె వ్రాస్తారు. మరమ్మతులు జరిగే చోట ఎంత వేగంతో పోవాలో రైలు చోదకునికి కాగితం మీద వ్రాసి ఇస్తారు. దానినే కాషన్ ఆర్డర్ అంటారు. రోడ్డు మీది చోదకునికి అటువంటి కాగితం లేదు. అతడు తన కంటిని, చెవిని నమ్ముకొని పోవాలి. ఆ రెండూ అతనిని మోసం చేస్తాయి.

వాలు స్వల్పంగా ఉన్నప్పుడు ఈ మోసం మరీ ఎక్కువ. నూటికి ఒకటి వాలు మొదలైనచోట చోదకుడు కాలిని కదపకుండా ఉంటే, మొదట్లో పది సెకన్లలో వాహనం గంటకు సుమారు మూడున్నర కిలోమీటర్ల వేగం కోల్పోతుంది. ఇంజను ధ్వని మారదు. కళ్లెదుట రోడ్డు సమంగానే కనబడుతుంది. తాను నెమ్మదించినట్లు అతనికి తెలియదు. వెనుకవానికి మాత్రం ముందు బండి దగ్గరపడినట్లు తోస్తుంది. అతడు బ్రేకు మీద కాలు వేస్తాడు. అతని వెనుకవాడు ఇంకొంచెం గట్టిగా నొక్కుతాడు. ఈ విధంగా ఒక చిన్న ఉపేక్ష వరుస చివరకు పోయేసరికి పూర్తిగా ఆగిపోవడంగా మారుతుంది.

జపాన్ దేశంలో ఈ విషయాన్ని ఎంతో శ్రద్ధగా పరిశీలించారు. అక్కడి వేగరహదారుల మీద వాహనాలు స్తంభించే సందర్భాలలో అధికభాగం ప్రమాదాల వల్ల గాని, మరమ్మతుల వల్ల గాని ఏర్పడేవి కావు. పల్లం ముగిసి మెల్లగా ఎత్తు మొదలయ్యే చోట్లనే అవి పుడతాయి. అందువల్ల అటువంటి చోట్ల ‘వేగం తగ్గుతున్నది, తిరిగి అందుకొనండి’ అనే అర్థం వచ్చే ఫలకాలు పెట్టారు. రోడ్డు అంచున ముందుకు పరుగెత్తినట్లు వెలిగే దీపాల వరుసలను అమర్చి, వాటి వెంట సాగమని చోదకులకు సూచించారు. వేగం తగ్గించమనే ఫలకాలనే ఎరిగిన మన కంటికి ఇది విడ్డూరంగా తోస్తుంది. ఇంకొక ప్రయోగం మరింత ఆశ్చర్యకరమైనది. 230 మీటర్ల చుట్టుకొలత గల వలయాకారపు దారిలో 22 కార్లను సమాన దూరంలో నిలిపి, ఒకే వేగంతో నడపమన్నారు. అక్కడ ఎత్తు లేదు, పల్లం లేదు, అడ్డు లేదు. అయినా కొద్దిసేపటికే కొన్ని కార్లు ఆగిపోయాయి. ఆ ఆగుదల గంటకు సుమారు 20 కి.మీ. వేగంతో అలవలె వెనుకకు ప్రాకింది. 2008లో ప్రచురితమైన ఈ పరిశోధన, ఒక్కొక్క చోదకుని చిన్నచిన్న తడబాటులే రద్దీకి బీజాలు కాగలవని నిరూపించింది. సమతలం మీదనే అట్లా జరిగితే, వంతెన మొదట్లో ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

తెలియకుండా నెమ్మదించడం ఒక ఎత్తు, తెలిసి నెమ్మదించడం మరొక ఎత్తు. వంతెన శిఖరానికి అవతల ఏమున్నదో ఎక్కుతున్నవానికి కనబడదు. వరికోతల రోజులలో ధాన్యపు బస్తాలు నింపిన ట్రాక్టరు ట్రక్కు, తెనాలి మార్కెట్టుకు నిమ్మకాయల బస్తాలు తెచ్చే ఆటో, నిజాంపట్నం వైపు నుండి మంచుగడ్డల మధ్య చేపలను మోసుకొని తొందరపడే వ్యాన్, సెలవునాడు సూర్యలంక సముద్రతీరానికి బయలుదేరిన కారు – ఇవన్నీ ఒకే రోడ్డు మీద పోతాయి. శిఖరం దాటిన వెంటనే దిగుడులో ఒక ట్రాక్టరు టైరు పంక్చరై నిలిచిపోయి, దాని వెనుక దీపం లేకపోతే? పగలయితే కొంత నయం. రాత్రివేళ ఎదుటి వాహనం దీపపు వెలుగు కళ్లలో పడినప్పుడు ఆ నల్లని ట్రక్కు గోడవలె అడ్డంగా ఉన్నా కానరాదు.

చోదకుడు ప్రమాదాన్ని చూచి, గ్రహించి, బ్రేకు వేసి, బండి పూర్తిగా నిలిచేలోగా పోయే దూరాన్ని నిలుపుదల దూరం అంటారు. చూచి గ్రహించి కాలు కదిపేందుకు రెండున్నర సెకన్లు పడుతుందని భారత రోడ్డు కాంగ్రెస్ లెక్క. దాని ప్రకారం గంటకు 50 కి.మీ. వేగంలో 60 మీటర్లు, 80 కి.మీ. వేగంలో 120 మీటర్లు, 100 కి.మీ. వేగంలో 180 మీటర్లు ముందుకు కనబడాలి. చోదకుని కన్ను నేలకు 1.2 మీటర్ల ఎత్తున ఉంటుందనీ, రోడ్డు మీద పడి ఉన్న 15 సెంటీమీటర్ల వస్తువును అతడు చూడగలగాలనీ భావించి వంతెన శిఖరపు వంపును గీస్తారు. రెండు వైపులా ముప్పైకి ఒకటి వాలు ఉన్న వంతెన మీద 80 కి.మీ. వేగానికి సరిపడే చూపు కావాలంటే ఆ వంపు సుమారు 218 మీటర్ల పొడవున నిదానంగా ఒరగాలి. 50 కి.మీ. వేగానికయితే 60 మీటర్ల లోపు వంపే చాలును. స్థలం చాలకనో, ధనం చాలకనో చిన్న వంపుతో సరిపెట్టినట్లయితే, ఆ వంతెన పుట్టిననాడే దాని గరిష్ఠ వేగం కూడా నిర్ణయమైపోయినట్లే. ఆ తరువాత ఎవరు ఏ ఫలకం మీద ఏ అంకె వ్రాసినా చూపు పొడుగు కాదు.

దిగేటప్పుడు పరిస్థితి మరింత విషమిస్తుంది. ఎక్కేటప్పుడు వెనుకకు గుంజిన బలమే ఇప్పుడు ముందుకు త్రోస్తుంది. గంటకు 80 కి.మీ. వేగంతో ముప్పైకి ఒకటి వాలు దిగే కారుకు సమతలం మీదికంటే ఏడెనిమిది మీటర్లు అదనంగా కావాలి. ట్రాక్టరును చేరకముందే ఆగడానికీ, చేరిన తరువాత ఆగడానికీ మధ్య ఉన్న తేడా ఒక్కొక్కప్పుడు ఇంతే.

వేగానికి హద్దు ఉండాలన్న ఆలోచన మోటారు కారు కంటే పాతది. బ్రిటన్‌లో 1865 నాటి చట్టం ఆవిరియంత్రపు బండ్లు పల్లెలలో గంటకు నాలుగు మైళ్లు, పట్టణాలలో రెండు మైళ్లకు మించి పోరాదని శాసించింది. ఎర్రజెండా పట్టుకొని ఒక మనిషి బండికి ముందు నడవాలన్నది. 1896లో ఆ హద్దు 14 మైళ్లకు పెరిగింది. 1930లో కార్లకు అసలు హద్దే తీసివేశారు. ప్రమాదాలు చూచి 1935లో జనావాసాలలో 30 మైళ్ల పరిమితిని మళ్లీ తెచ్చారు. అమెరికా 1974లో దేశమంతటా 55 మైళ్ల పరిమితి విధించింది. దానికి కారణం ప్రాణరక్షణ కాదు, పెట్రోలు కొరత. వేగపరిమితి అనగానే అది శాస్త్రం ప్రసాదించిన అంకె అని భావించేవారు ఈ చరిత్రను గుర్తుంచుకోవలసి ఉంటుంది.

భారతదేశంలో మోటారు వాహనాల చట్టాలు 1914లోను, 1939లోను, 1988లోను వచ్చాయి. 1988 చట్టంలోని 112వ సెక్షను వేగపరిమితికి ఆధారం. గరిష్ఠ వేగాలను కేంద్ర ప్రభుత్వం ప్రకటిస్తుంది. 2018 ఏప్రిల్‌లో వెలువడిన ప్రకటనలో కార్లకు ఎక్స్‌ప్రెస్‌వేల మీద 120, మధ్య విభాగిని గల నాలుగు వరుసల రహదారుల మీద 100, సాధారణ రహదారుల మీద 70 కి.మీ. అని పేర్కొన్నారు. సాధారణ రహదారుల మీద మోటారు సైకిళ్లకు, బస్సులకు, సరుకు వాహనాలకు 60, ఆటోలకు 50 కి.మీ. అని నిర్ణయించారు. అంత వేగం ప్రాణాంతకమని భావించిన మద్రాసు హైకోర్టు 2021లో ఈ ప్రకటనను కొట్టివేసింది. వేగం ఎంత ఉండాలన్నది ఇంజనీర్లు, అధికారులు మాత్రమే తేల్చుకొనే విషయం కాదని ఈ ఉదంతం తెలుపుతుంది. అదే సెక్షనులోని రెండవ భాగం రాష్ట్ర ప్రభుత్వానికి మరొక అధికారం ఇచ్చింది. ప్రజల భద్రత కోసం గాని, సౌకర్యం కోసం గాని, ఒక రోడ్డు లేదా వంతెన స్వభావాన్ని బట్టి గాని అక్కడ వేరే పరిమితి విధించవచ్చు. అయితే ఆ విషయం తెలిపే ఫలకం తప్పక పెట్టాలి. చట్టం వంతెనను పేరుపెట్టి ప్రస్తావించడం గమనింపదగినది. పరిమితిని ఉల్లంఘించినవారికి 2019 సవరణ తరువాత తేలికపాటి వాహనమయితే వెయ్యి నుండి రెండు వేల రూపాయల వరకు, పెద్ద వాహనమయితే రెండు వేల నుండి నాలుగు వేల రూపాయల వరకు జరిమానా ఉంది.

అంకెను ఎంచుకొనే పద్ధతి ఏమిటి? చాలా దేశాల ఇంజనీర్లు చిరకాలంగా వాడుతున్నది ‘ఎనభై అయిదవ వంతు’ పద్ధతి. రద్దీ లేని వేళ రోడ్డు ప్రక్కన నిలబడి నూరు వాహనాల వేగాన్ని కొలుస్తారు. తక్కువ వేగం నుండి ఎక్కువ వేగానికి వరుసగా వ్రాసి, ఎనభై అయిదవ వాహనం వేగాన్ని చూస్తారు. నూటికి ఎనభై అయిదుగురు వివేకవంతులనీ, మిగిలిన పదిహేను మందిని మాత్రమే అదుపు చేయాలనీ దీని వెనుక ఉన్న నమ్మకం. ప్రజల విజ్ఞతను గౌరవించే పద్ధతిగా ఇది పేరుపొందింది. ఒకే రకం కార్లు పరుగెత్తే రహదారులకు ఇది కొంతవరకు తగినదే కావచ్చును. తెనాలి – రేపల్లె రోడ్డు మీద కొలిచే నూరు వాహనాలలో కార్లు, మోటారు సైకిళ్లు, ఆటోలు, ట్రాక్టర్లు, సైకిళ్లు అన్నీ ఉంటాయి. వాటిని కలిపి ఒక వరుసలో నిలబెడితే వచ్చే అంకె వాటిలో ఏ ఒక్కదానికీ చెందదు. పైగా ఈ లెక్కలో నడిచేవానికి చోటే లేదు. దారి దాటవలసిన ముసలమ్మ వేగాన్ని ఎవరూ కొలవరు.

స్వీడన్ 1997లో వేరొక దారి త్రొక్కింది. చోదకులు ఎంత వేగంతో పోతున్నారని కాక, మనిషి దేహం ఎంత తాకిడిని ఓర్చుకొంటుందని ఆ దేశం ప్రశ్నించింది. పాదచారులు వాహనాలతో కలిసి ఉండేచోట 30 కి.మీ., కూడళ్లలో వాహనం ప్రక్కభాగాన్ని మరొకటి ఢీకొనే అవకాశం ఉన్నచోట 50 కి.మీ., మధ్య విభాగిని లేక ఎదురెదురుగా ఢీకొనగలిగిన చోట 70 కి.మీ. మించరాదన్నది ఆ ఆలోచన. ఈ అంకెలకు అర్థం తెలియాలంటే వేగాన్ని ఎత్తుగా మార్చి చూడాలి. గంటకు 30 కి.మీ. వేగంతో గోడను ఢీకొనడం మూడున్నర మీటర్ల ఎత్తు నుండి, అంటే ఇంటి డాబా మీది నుండి పడడంతో సమానం. 50 కి.మీ. వేగం పది మీటర్ల కొబ్బరిచెట్టు మొవ్వ నుండి పడడం. 70 కి.మీ. వేగం దాదాపు పంతొమ్మిది మీటర్ల ఎత్తు. కొబ్బరికాయలు దింపేవాడు చెట్టు ఎక్కేముందు నడుముకు తాడు బిగించుకొంటాడు. మోటారు సైకిలు ఎక్కేవాడు అంతకు రెట్టింపు ఎత్తుకు బట్టతల టోపీ కూడా లేకుండా పోతున్నాడు.

సగటు వేగం నూటికి ఒకటి చొప్పున పెరిగితే ప్రాణాంతక ప్రమాదాలు నూటికి నాలుగు వంతున పెరుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంటున్నది. 2022లో భారతదేశపు రోడ్ల మీద 1,68,491 మంది మరణించారు. అందులో నూటికి డెబ్భై ఒకటి వంతు అతివేగం వల్ల సంభవించినట్లు కేంద్ర ప్రభుత్వ నివేదిక తెలిపింది. ఈ లెక్కను జాగ్రత్తగా చదవాలి. అతివేగం అని వ్రాయగానే తప్పంతా చోదకునిదే అవుతుంది. దీపం లేని ట్రక్కు, పొట్టి వంపు గల వంతెన, చెట్టుకొమ్మల చాటున దాగిన వేగపరిమితి ఫలకం ఆ గడిలో ఇమడవు. అయినా వేగం తక్కువగా ఉంటే ఆ లోపాలన్నిటినీ మనిషి తప్పించుకొని బ్రతికే అవకాశం ఎక్కువన్నది మాత్రం కాదనలేని సత్యం.

కొండదారిలో ఈ విషయాన్ని ఎంత చక్కగా గ్రహించారో తిరుమల ఘాట్ రోడ్లు తెలుపుతాయి. అక్కడ ఎక్కడానికి ఒక దారి, దిగడానికి మరొక దారి. వాహనం బయలుదేరిన వేళను, చేరిన వేళను సరిచూచే ఏర్పాటు చేశారు. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని నియమం పెట్టారు. అంతకంటే ముందే చేరినవాడు హద్దు మీరినట్లే. ఒక మలుపు దగ్గర పోలీసును చూచి నెమ్మదించి, తరువాత మళ్లీ పరుగెత్తడానికి ఇందులో వీలు లేదు. దిగడానికే ఎక్కువ సమయం విధించడంలో ఎంతో వివేకం ఉంది. ఎక్కేవానిని కొండే నెమ్మదింపజేస్తుంది. దిగేవానిని ఆపేది బ్రేకు ఒక్కటే. ఇరుకు కొండదారిలో ఎదురుపడినప్పుడు దిగేవాడు ఆగి ఎక్కేవానికి దారి ఇవ్వాలన్న నిబంధన కూడా ఇందుకు సంబంధించినదే. ఎత్తులో ఒకసారి ఆగిన బరువు బండి మళ్లీ కదలడం కష్టం.

డెల్టాలోని వంతెన ఎత్తు ఎనిమిది మీటర్లే కావచ్చు గాని సూత్రం ఒకటే. దానిని ఆచరణలో పెట్టడంలో మాత్రం ఒక చిక్కు ఉంది. వేగాన్ని కొలిచే ఉద్యోగి ఎక్కుడు మధ్యలో నిలబడితే తక్కువ అంకె వస్తుంది, దిగుడు చివర నిలబడితే ఎక్కువ అంకె వస్తుంది. ఒకే వంతెన, ఒకే వాహనం, అర నిమిషం ఎడంతో రెండు వేగాలు. పరిమితి తెలిపే ఫలకాన్ని సాధారణంగా వంతెన మొదట్లో, ఎక్కుడు ఆరంభమయ్యే చోట నాటుతారు. అక్కడ దానిని చదివే లారీ చోదకుడు ఎలాగూ గేరు మార్చి నెమ్మదించబోతున్నవాడే. అతనికి ఆ అంకెతో నిజంగా పనిపడేది శిఖరం దాటిన తరువాత. ఫలకాన్ని మళ్లీ శిఖరం మీద కూడా నాటితే దిగేవాడు చదువుకొంటాడు. రోడ్డు రెండు వైపులా వాహనాలు నడిచేదైతే రెండు వైపులా నాటాలి, ఎందుకంటే ఒకరికి దిగుడైన చోటు ఎదురుగా వచ్చేవానికి ఎక్కుడు. కరకట్ట మీదికి పొలాల నుండి ఎక్కే మట్టిదారులకయితే ఏ ఫలకమూ ఉండదు. అక్కడ ధాన్యపు బండి కట్ట ఎక్కి తల చూపేవరకు దాని రాక కట్ట మీద పోయేవానికి తెలియదు. బండి తోలే రైతు ముందుగా ఒక మనిషిని పైకి పంపి, రెండు వైపులా చూడమని, చేయి ఊపిన తరువాతనే ఎడ్లను అదిలిస్తాడు.